జిగురు బాబాయి దిమ్మలు

గ్రంథాలయం వెనకవైపు, సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డును ఆనుకుని ఒక గది ఉంది. దానికి బోర్డు లేదు. ఉడికిన మైదా వాసనే బోర్డు. ఆ వాసన పట్టుకుని లోపలికి వెళితే బల్ల వెనక ఒకాయన కనిపించేవాడు. ముక్కు చివర కళ్లద్దాలు, పళ్ల మధ్య దారం, మోచేతుల దాకా ఎండి అట్టకట్టిన జిగురు. అందరికీ ఆయన జిగురు బాబాయి. అసలు పేరు జీతాల గుమాస్తాకు ఒక్కడికే తెలుసు. ఆ గుమాస్తా కూడా ఎదురుపడితే బాబాయీ అనే పిలిచేవాడు.

నేను వడ్రంగిని. గ్రంథాలయంలో అరలు వంగినా, కుర్చీ కాళ్లు ఊగినా నన్ను పిలుస్తారు. ఆయన చిరిగినవి కుట్టేవాడు, నేను విరిగినవి బిగించేవాణ్ణి. అందుకని ఇద్దరికీ పడింది. పడింది అంటే రోజూ పోట్లాడుకునేవాళ్లమని అర్థం.

బాబాయికి ఈ పని ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో గోదాములో గోనెసంచులు కుట్టేవాడట. ఒక వానాకాలం గ్రంథాలయం కిటికీలకు పట్టాలు కుట్టడానికి పిలిపించారు. కుడుతూ కుడుతూ, పక్కన బల్ల మీద వీపు ఊడి వేలాడుతున్న లావుపాటి నిఘంటువును చూశాడు. దాన్ని ఎలా కుట్టారో తెలుసుకోవాలని పట్టా పక్కన పడేసి నిఘంటువు విప్పడం మొదలుపెట్టాడు. పూర్తిగా విప్పాక గాని తిరిగి కుట్టడం రాదని తెలియలేదు. అప్పటి లైబ్రేరియన్ మండిపడి, బాగుచేసేదాకా ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదని కూర్చోబెట్టాడు. అలా కూర్చున్నవాడు తల నెరిసేదాకా లేవలేదు.

పని నేర్చుకున్నాడు గాని వినయం నేర్చుకోలేదు. "నా కుట్టు తెగాలంటే ముందు కాగితం చావాలి" అనేవాడు. పుస్తకాలు చదివేవాడా అంటే, అదీ లేదు. "లోపల ఏముందో రాసినవాడు చూసుకుంటాడు. అది ఊడి కింద పడకుండా చూసేది నేను" అనేవాడు.

ఆయనకు లోకంలో అందరికంటే పెద్ద శత్రువు, పుస్తకాన్ని తల పట్టి లాగేవాడు. అరలోంచి పుస్తకం తియ్యాలంటే అటూ ఇటూ ఉన్న వాటిని లోపలికి నెట్టి, నడుము పట్టుకుని తియ్యాలి. చాలామంది వీపు పైఅంచులో వేలు పెట్టి లాగుతారు. గుడ్డ చిరుగుతుంది. ఒకసారి ఏడాది స్టాకు తనిఖీకి వచ్చినవాళ్లు అరలన్నిట్లో అలాగే లాగి లాగి లెక్కపెట్టి వెళ్లారు. మర్నాడు బాబాయి గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఆయన వెళ్లి లైబ్రేరియన్ మేడమ్ గది ముందు బైఠాయించి, ఒక రూలు సాధించుకుని గాని లేవలేదు: ఇకమీదట తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకాన్ని ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వీపు మీద అక్షరాలు చూసి లెక్కపెట్టుకోవాలి. తనిఖీ జరిగినన్నాళ్లూ అరలోంచి పుస్తకం కదిలేది ఎవరైనా సభ్యులు ఇంటికి తీసుకెళ్లడానికి అడిగితేనే. ఆ రూలును ఆయనే అచ్చు వేయించి, ఆయనే మైదాతో గోడకు అంటించాడు. ఇక అది గోడ కూలినా ఊడదు.

ఇంకో సంగతి చెప్పాలి. పుస్తకాన్ని బాగుచెయ్యడానికి తీసుకెళితే అరలో సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి పక్క పుస్తకాలు వాలతాయి. వాలినవాటి నడుము విరుగుతుంది. ఒకటి బాగుచేసేలోపు నాలుగు చెడతాయి. అందుకని తీసిన పుస్తకం కొలతకే ఒక చెక్కదిమ్మ కోసి ఆ సందులో పెట్టడం మా దగ్గర పద్ధతి. దిమ్మలు కోసేది నేను. మొదట్లో వాటి మీద సుద్దతో పుస్తకం నంబరు రాసి ఊరుకునేవాళ్లం.

ఒకరోజు బాబాయి అరల మధ్య నిలబడి మొహం చిట్లించాడు.

"ఏంట్రా ఇది? నల్లటి పళ్ల వరసలో తెల్ల పన్ను పెట్టినట్టుంది."

"దిమ్మ దిమ్మలాగే ఉంటుంది బాబాయ్."

"నా చేతిలోంచి వెళ్లేది ఏదీ బోసిగా ఉండకూడదు" అంటూ చంకన పెట్టుకుని పోయాడు.

మరునాడు ఆ దిమ్మకు గుడ్డ తొడిగాడు. ఆ తర్వాతి దిమ్మకు వీపు గుండ్రంగా చెక్కమన్నాడు. ఇంకో దానికి వేడి అచ్చుతో బంగారు రంగు పేరు వేశాడు. కాగితాల అంచులా కనిపించడానికి నా సన్నరంపంతో పక్కలంతా గీతలు గీయించాడు. నేనేం తక్కువ తినలేదు. ఆ గీతలు మధ్యలో కొంచెం వంకర పోయేలా గీశాను, చదివిన పుస్తకంలా ఉంటుందని. చివరికి ఆయన వెనక అట్టకు తేదీల చీటీ కూడా అంటించాడు.

"అదెందుకు బాబాయ్? చెక్కను ఎవరు తీసుకెళ్తారు?"

"చీటీ లేకపోతే వెనకవైపు గుండు కొట్టించినట్టుందిరా."

వచ్చిన చిక్కేమిటంటే, పుస్తకం బాగుచెయ్యాలంటే ముందు దిమ్మ తయారవ్వాలి. దిమ్మ తయారవడానికి పుస్తకం బాగుచేసేంత సమయం పట్టేది. కొన్నాళ్లకు ఇంకా ఎక్కువ పట్టింది. అరల్లో దిమ్మలు నిగనిగలాడుతుంటే, అసలు పుస్తకాలు బాబాయి గదిలో కట్టలు కట్టలుగా, వీపులు లేకుండా, వంతు రాని రోగుల్లా పడి ఉండేవి.

ఇంట్లో పిన్ని ఊరుకునేది కాదు. ఆవిడ టైలరు. పరదాల గుడ్డ ముక్కలు మిగిలితే బాబాయి పట్టుకుపోయేవాడు.

"చెక్కలకి చొక్కాలు కుట్టే మొగుణ్ణి ఇక్కడే చూశాను. ముందు మీ చొక్కాకి గుండీ ఉందేమో చూసుకోండి" అనేది మిషను ఆపకుండా.

"గుండీ ఎవరు చూస్తారే?"

"దిమ్మని ఎవరు చూస్తారు మరి?"

చూడటం కాదు, తీసుకెళ్లారు. కౌంటరు దగ్గర అమ్మాయి రద్దీలో వెనక అట్ట తెరవకుండానే చీటీ మీద తేదీ ముద్ర కొట్టి ఇచ్చేసేది, ఎందుకంటే మా దిమ్మకు చీటీ బయటే ఉంటుంది, వసతిగా. ఒకాయన తిరిగి ఇచ్చేటప్పుడు "మొదట్లో పట్టు చిక్కలేదండీ" అని మాత్రం అన్నాడు. ఒకావిడ మంచం కోడు కింద పెట్టుకుని, గడువు దాటగానే మళ్లీ అదే తీసుకెళ్లింది. ఫిర్యాదు చేసినవాళ్లు లేరు. బాబాయికి ఈ సంగతి తెలిసిన రోజు కోపం వస్తుందనుకున్నాను. మీసాలు లేవు గాని, ఉంటే తిప్పేవాడు.

అలా ఉండగా స్టాకు తనిఖీ వచ్చింది. వచ్చినాయన సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. గోడ మీద రూలు చదివి, చేతులు వెనక్కి కట్టుకుని, అరలన్నీ వరసగా చూసుకుంటూ పోయాడు. చివర్లో బాబాయి గదికి వచ్చి కట్టలు కూడా చూశాడు. ఆ సాయంత్రం మేడమ్ గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ గ్రంథాలయం చాలా బాగుందండీ. అరల్లో లెక్క తేలని సందు ఒక్కటి లేదు. సభ్యుల దగ్గరున్నవి పోను, రికార్డుల్లో ఉన్న ప్రతి పుస్తకమూ అరలో ఉంది. అయితే ఆ వెనక గదిలో అవే పుస్తకాలు ఇంకోసారి ఉన్నాయి. అవి ఎక్కువైనవి. పైగా చిరిగినవి. సోమవారం కాగితం గుజ్జు చేసే మిల్లు బండి వస్తుంది, వేసెయ్యండి."

బాబాయి లేచి నిలబడ్డాడు. "అయ్యా! గదిలో ఉన్నవే పుస్తకాలు. అరల్లో ఉన్నవి చెక్కలు!"

తనిఖీ ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "అలా అనకండి. మీ పనిని మీరే తక్కువ చేసుకోకూడదు. ఇంత చక్కగా బైండు చేసిన వరస నేను ఏ గ్రంథాలయంలోనూ చూడలేదు."

బాబాయి మొహం విప్పారింది. "నిజంగానా? మూల మడతలు చూశారా? ఆ కిటికీ పక్క వరసలో ఎర్రవి..."

నేను మోచేత్తో పొడిస్తే గాని ఈ లోకంలోకి రాలేదు. "అవి చెక్కలే సార్. ఒకటి తీసి చూడండి."

"తియ్యకూడదు కదండీ. రూలు గోడ మీద ఉంది."

"ఆ రూలు నాదే!"

"మంచి రూలు" అన్నాడాయన. "ఇంతకుముందు ఎవరికీ తట్టలేదు."

బాబాయి మేడమ్ వైపు తిరిగాడు. ఆవిడ నుదురు పట్టుకుని కూర్చుంది. "నాకు తెలుసు బాబాయి గారూ. కానీ నాకు తెలియడం లెక్కలోకి రాదు. అరలోంచి ఒక్కటైనా సభ్యుల చేతిమీదుగా బయటికొచ్చి, ఆయన ముందు వాపసు వస్తే అప్పుడు ఆయనే పట్టుకుని చూడొచ్చు."

బాబాయి రూలు ఆయనకే ఉరి అయ్యింది. గదిలోకి వెళ్లి కట్టల మధ్య నిలబడ్డాడు. ఆయన జీవితమంతా అక్కడే ఉంది. ఎప్పుడో కుట్టి, మళ్లీ అరిగిపోయి తిరిగొచ్చిన పుస్తకాలు కొన్ని. "ఇది మూడోసారి వచ్చింది" అని ఒకదాని మీద చెయ్యి వేశాడు, పుట్టింటికొచ్చిన కూతుర్ని పలకరించినట్టు. "దీన్ని రుబ్బి పిండి చేస్తారంట్రా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రిటైరైన పోస్టాయన ఇంటికి వెళ్లాం. ఒక దిమ్మ ఆయన దగ్గర చాలాకాలంగా ఉంది. గడువు పెంచుకుంటూ వస్తున్నాడు. మేం వెళ్లేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని, దిమ్మను ఒళ్లో పెట్టుకుని, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అన్నగారూ, ఆ పుస్తకం తిరిగివ్వాలి."

"ఇంకా అవలేదు తమ్ముడూ."

"అది చెక్క అన్నగారూ. అవడమేంటి?"

పోస్టాయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "తెలీదనుకున్నావా? తెలుసు. చేతిలో పుస్తకం ఉంటే కోడలు పనులు చెప్పదయ్యా. నిజం పుస్తకమైతే సాయంత్రం కథేంటి మావయ్యా అని అడుగుతుంది. ఇదైతే ఇంకా మొదట్లోనే ఉన్నానంటాను. అబద్ధం కాదుగా."

"సోమవారం పుస్తకాలన్నీ మిల్లుకి పోతున్నాయి" అన్నాడు బాబాయి.

పోస్టాయన దిమ్మను చంకన పెట్టుకుని లేచాడు. "అమ్మాయ్, లైబ్రరీ దాకా వెళ్లొస్తా. పుస్తకం అయిపోయింది" అని లోపలికి కేకేశాడు.

"బావుందా మావయ్యా?" అని లోపల్నుంచి అడిగింది.

"గట్టిగా ఉంది" అన్నాడు.

కౌంటరు దగ్గర తనిఖీ ఆయన దిమ్మను రెండు చేతులా అందుకున్నాడు. తెరవబోయాడు. రాలేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, వేలితో కొట్టి చూశాడు. టకటకమంది.

"పేజీలు అంటుకుపోయాయి" అన్నాడు తనిఖీ ఆయన.

"అంటుకోలేదు సార్, లేవు!"

"తెరవకుండా లేవని ఎలా చెప్తారు?"

"తెరవడానికి రాదు కాబట్టి!"

"అందుకే కదండీ, అంటుకుపోయాయంటున్నాను. బైండు చేసేటప్పుడు జిగురు ఎక్కువైనట్టుంది."

ఈ మాటకు కౌంటరు అమ్మాయి కూడా తల ఎత్తింది. జిగురు బాబాయిని పట్టుకుని జిగురు ఎక్కువైందనడం, చేపను పట్టుకుని ఈత రాదనడం లాంటిది.

తనిఖీ ఆయన మాత్రం మర్యాదగా పద్ధతి చెప్పాడు. బైండింగులో తప్పు జరిగితే, చేసినాయన దాని మీద 'చెడిన పని' అని ముద్ర కొట్టాలి. అది వెనక గదికి పోవాలి. దాని స్థానంలో అరలో అదే కొలత గల వస్తువు ఏదైనా పెట్టాలి.

ముద్ర ఉండేది నిజమే. బాబాయి సొరుగులో అడుగున ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చారు, ఒక్కసారి కూడా వాడలేదు. ఇంకు పెట్టె ఎండి పెచ్చులు లేచింది. మేడమ్ తన ఇంకు పెట్టె ఇచ్చింది. బాబాయి కళ్లు మూసుకుని ముద్ర కొట్టాడు.

తర్వాత సందు పూడ్చాలి. "దిమ్మ కోసివ్వు" అన్నాడు నాతో.

"చెక్క లేదు బాబాయ్. అంతా వీటికే అయిపోయింది."

బాబాయి టేపు తీసి సందు కొలిచాడు. గదిలోకి వెళ్లి, ఆ కొలతకు సరిపోయేది ఏముందా అని కట్టల మీద టేపు ఆనిస్తూ పోయాడు. ఒకటి పొట్టి, ఒకటి లావు. చివరికి ఒకటి దొరికింది. నూలుపోగు తేడా లేదు. ఎందుకు ఉంటుంది? ఆ దిమ్మను ఏ పుస్తకం కొలతకు కోశామో అదే పుస్తకం. దాన్ని తెచ్చి సందులో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

"ఇదేంటి?" అన్నాడు తనిఖీ ఆయన.

"సందులో పెట్టడానికి... దిమ్మ."

"కొలత బాగా కుదిరింది" అన్నాడాయన, చేతులు వెనక్కి కట్టుకుని.

బాబాయి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అన్ని దిమ్మలూ చెడినవైతే, అన్నీ వెనక గదికి పోతాయి. అన్ని సందుల్లోకీ పుస్తకాలు వస్తాయి. సోమవారం బండిలోకి వెనక గదిలో మిగిలిన దిమ్మలే ఎక్కుతాయి.

దారి దొరికాక ఆయన సంబరపడాలి కదా. చేతిలో టేపు నాకిచ్చేసి ఇంటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిన్ని మిషను మీద ఉంది.

"ఏమైందంటే చెప్పరు. నువ్వైనా చెప్పు" అంది.

చెప్పాను. మంచం మీంచి గొంతు వచ్చింది. "వరస మొత్తం మీద చెడిన పని అని కొట్టాలి. అందరి ముందూ. దాని కింద నా సంతకం. ఒక్క మూల మడత పోలేదు వాటిల్లో. రేపటినుంచి నా మొహం చూసి, జిగురు ఎక్కువేసిన ముసలాడు అంటారు."

"పేరు పోతుందనా మీ బాధ?"

"పేరు కాదే, పని. అంత బాగా నేనింకేదీ చెయ్యలేదు."

పిన్ని మిషను ఆపింది. ఆవిడ మిషను ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. "ఏది పని? రోగిని వరండాలో పడేసి, రోగి బొమ్మకి పౌడరు రాసే డాక్టరు ఉంటాడా ఎక్కడైనా? బొమ్మ ఎంత బాగా వస్తే మాత్రం?"

బాబాయి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"వాటిని బాగుచెయ్యమని మిమ్మల్ని కూర్చోబెట్టారు. చక్కగా ఉండమని కాదు. లేవండి. చొక్కా ఇటివ్వండి, గుండీ కుడతాను. పదిమందిలో పరువు పోగొట్టుకోడానికి వెళ్తూ గుండీ లేకుండా ఏం వెళ్తారు?"

ఆ రోజే ముద్రలు మొదలుపెట్టాం. సభ్యులుగా మేమే, అంటే నేను, పిన్ని, పోస్టాయన, మంచం కోడు ఆవిడ, వంతులవారీగా దిమ్మలు అడిగి తీసుకోవడం, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఇవ్వడం. బాబాయి కౌంటరు పక్కన నిలబడి ఒక్కొక్కదాని మీద ముద్ర కొట్టేవాడు. కొట్టేముందు దాన్ని ఓసారి నిమిరేవాడు. ఆ ముద్ర కూడా అట్టకు సరిగ్గా నడిమధ్యన, అంచులకు సమానంగా పడేట్టు కొట్టాడు. వంకరగా కొట్టడం ఆయనకు చేతకాదు. చదువుకునే గదిలో జనం పుస్తకాలు దించి చూస్తున్నారు. "పాపం, వయసైపోయింది" అని ఒకరు, "మొదట్నుంచీ అంతేనట" అని ఇంకొకరు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

తనిఖీ ఆయనకు జాలి వేసింది. దగ్గరికి వచ్చి అడిగాడు. "ఇన్నీ మీరే పాడుచేశారా?"

"అన్నీ నేనేనండీ."

"ఒకటి రెండు వేరేవాళ్ల మీద వెయ్యొచ్చు, నేనేం అనుకోను."

"ఈ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు వాటి మీద" అన్నాడు బాబాయి.

నేను కిటికీ వైపు చూశాను. ఆ రంపం గీతలు నావే మరి. గర్వంగానూ ఉంది, అవమానంగానూ ఉంది.

సోమవారం మిల్లు బండి వచ్చింది. బండివాడు మొదటి బస్తా భుజానికెత్తుకుని కూలబడ్డాడు.

"ఏం పుస్తకాలు బాబూ ఇవి? మెడ విరిగిపోతోంది!"

"చదవడానికి ఇంకా బరువు" అన్నాడు పోస్టాయన, ఆఖరిసారి తన దిమ్మను బస్తాలో వేస్తూ.

బండివాడు ఒకటి తీసి చూసి, గోటితో గీరి, తల గోక్కున్నాడు. "చెక్కలా ఉందే?" అన్నాడు. ఇన్నాళ్లకు మేం చెప్పకుండానే ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. అప్పటికి సంతకాలన్నీ అయిపోయాయి. తనిఖీ ఆయన ఊరు దాటిపోయాడు. మేడమ్ ఏమీ వినపడనట్టు కిటికీ తలుపు వేసుకుంది. "పర్లేదులే, కాగితం అయ్యేది చెక్కలోంచేగా. మిల్లువాడేం అనడు" అని బండివాడే తనకు తాను సర్దిచెప్పుకుని తోలుకుపోయాడు. బండి మలుపు తిరిగేదాకా బాబాయి చూస్తూ నిలబడ్డాడు. బంగారు అక్షరాలు బస్తా చిరుగులోంచి మెరుస్తూ పోయాయి.

పుస్తకాలు అరల్లో ఉన్నాయి. ఉన్నాయి గాని, కుంటివి, బోడివి, వీపులు లేనివి. బాగుచెయ్యాలంటే తియ్యాలి. తీస్తే సందు. సందు పూడ్చాలంటే దిమ్మ. ఇకమీదట గ్రంథాలయంలోకి చెక్కముక్క రావడానికి వీల్లేదని మేడమ్ గట్టిగా చెప్పింది. నన్ను అరల మధ్య చూస్తే కూడా అనుమానంగా చూసేది.

బాబాయి ఒక ముక్కాలిపీట, జిగురు గిన్నె, దారం ఉండ తెచ్చుకుని అరల మధ్యకే వచ్చి కూర్చున్నాడు. పుస్తకాన్ని నడుము పట్టి తీసేవాడు. ఆ సందులో తన ఎడమ మోకాలు దూర్చేవాడు, పక్కవి వాలకుండా. ఒళ్లో పెట్టుకుని కుట్టేవాడు. పై అర అయితే నిచ్చెన ఎక్కి, భుజం ఆనించేవాడు. చూసినవాళ్లు మొదట నవ్వారు. తర్వాత అలవాటుపడి ఆయన కాళ్లు దాటుకుంటూ తిరిగేవాళ్లు. గుడ్డ తొడుగులు లేవు, బంగారు అక్షరాలు లేవు. గట్టి కుట్టు, మామూలు అట్ట, సిరాతో పేరు. వరస చూడటానికి ఏమంత బాగుండేది కాదు. పుస్తకాలు మాత్రం తెరుచుకునేవి.

నేను కిటికీ గడియ బిగించడానికి వెళ్లినరోజు ఒకమ్మాయి ఆయన దగ్గర నిలబడి ఉంది. ఆమెకు కావలసిన పుస్తకం ఆయన ఒళ్లోనే ఉంది, సగం కుట్టి.

"ఎప్పుడవుతుంది బాబాయి గారూ?"

"రెండో సగం కుట్టాలి, జిగురు ఆరాలమ్మా. తొందరగా ఉందా?"

"ఇవాళే మొదలుపెడదామనుకున్నా."

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి ఆమెను చూశాడు. చేతులు చూశాడు. శుభ్రంగా ఉన్నాయి.

"అయితే మొదటి సగం ఆరింది, పట్టుకుపో" అని, కుట్టిన పేజీల కట్టలు విడదీసి చేతిలో పెట్టాడు. "మెల్లగా చదువు. కుడుతూ నేను నీకంటే ముందుంటాను."

మోకాలు సందులోంచి తియ్యకుండానే, సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.